వాళ్ల చెయ్యి ఎక్కడుందో చూడు

బిడ్డా,

పీజీలో జనరల్ మెడిసిన్ వచ్చిందనీ, వార్డులో చేరిపోయావనీ మీ నాన్న చెప్పినప్పటి నుంచి నీకు నాలుగు మాటలు రాయాలని ఉంది. ఫోన్‌లో చెబితే డ్యూటీ హడావుడిలో ‘సరే పెద్దనాన్నా’ అని పెట్టేస్తావు. రాసి పంపితే ఏ నైట్ డ్యూటీలోనో కాస్త తీరిక దొరికినప్పుడు తీసి చదువుకుంటావు. వచ్చే నెల నుంచి జూనియర్లకు బెడ్‌సైడ్ క్లినిక్‌లు నువ్వే తీసుకోవాలని మీ యూనిట్‌లో చెప్పారట కదా. దానికి నువ్వు ‘మేమే ఆన్‌లైన్ బ్యాచ్, మాకొచ్చిందేమిటి, వాళ్లకు చెప్పేదేమిటి’ అన్నావని మీ అమ్మ చెప్పింది. ఆ మాట విని నాకు కష్టమనిపించింది.

ముందు ఆ సంగతి తేల్చుకుందాం. 2019 ఆగస్టులో చేరిన బ్యాచ్ మీది. కొత్త ఎంబీబీఎస్ కరికులం దేశమంతటా మీతోనే మొదలైంది. ఫౌండేషన్ కోర్సు చేశారు, డిసెక్షన్ హాల్లో దేహం ముందు నిలబడి ప్రమాణం చేశారు, కత్తి పట్టుకోవడం నేర్చుకున్నారు. అంతలో 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటే లాక్‌డౌన్. ఎముకల సెట్టు హాస్టల్ మంచం కింద వదిలేసి ఒక్క బ్యాగుతో ఇళ్లకు పోయారు మీరంతా. గాంధీ దవాఖానను పూర్తిగా కోవిడ్ రోగులకే కేటాయించారు కాబట్టి అక్కడ క్లినిక్‌లకు వెళ్లాల్సిన మీ సీనియర్లకు మామూలు వార్డులే లేకుండా పోయాయి. ఆ నవంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ డిసెంబరు 1 లోపు కాలేజీలు తెరవమని చెప్పేదాకా మీకు ఫోన్ తెరే తరగతి గది.

ఇదంతా నిజమే. కానీ లాక్‌డౌన్‌కు ముందు మీరు ఏడు నెలలు డిసెక్షన్ హాల్లో ఉన్నారు. తర్వాత తెర మీద నేను చెప్పిన ప్రతి అనాటమీ పాఠమూ ఆ ఏడు నెలల మీద నిలబడింది. అది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే మన ఊళ్లోనే జరిగిన ఒక కథ నీకు చెప్పాలి.

బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉన్న ఆ పాత భవనం నువ్వెరుగుదువు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూసింది అక్కడే. మన నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి, పాతవాళ్ల మాటలో కోరంటి దవాఖానకు, ఆయన పేరే పెట్టారు. స్కూల్ పుస్తకంలో ఇంతవరకే ఉంటుంది. అసలు ఆయనకు చదువు ఎలా అబ్బిందన్నది నాకు ముఖ్యం.

రాస్ గురువు పాట్రిక్ మాన్సన్ లండన్‌లో ఉండేవాడు. శిష్యుడు సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు. 1895 నుంచి 1899 దాకా వాళ్లిద్దరి మధ్యా నూటడెబ్బైకి పైగా ఉత్తరాలు నడిచాయి. ఏం వెతకాలో, ఎలా కోయాలో, కనబడినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో గురువు అక్కడి నుంచి రాసేవాడు, శిష్యుడు ఇక్కడ చేసి చూసి జవాబు రాసేవాడు. ఉత్తరం ఓడలో వెళ్లి, జవాబు మళ్లీ ఓడలో రావాలి. ఆ కాలానికి అదే దూరవిద్య.

అయితే ఆ ఉత్తరాలు మొదలవడానికి ముందు ఒకటి జరిగింది. 1880లోనే లావరాన్ అనే ఫ్రెంచ్ వైద్యుడు రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశానని ప్రకటించాడు. రాస్ అది చదివాడు. తన స్లైడ్లలో ఎంత వెతికినా కనబడలేదు. అలాంటిదేదీ లేదని వాదించాడు కూడా. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు మాన్సన్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మైక్రోస్కోపు సరిచేసి, ‘ఇదిగో’ అని చూపించాడు. ఏళ్ల తరబడి చదివినా కలగని నమ్మకం ఆ ఒక్క చూపుతో కలిగింది. ఆ తర్వాతే ఉత్తరాలు పనిచేశాయి. మీ ఏడు నెలలూ అలాంటివే. మీ తర్వాతి బ్యాచ్ 2021 ఫిబ్రవరిలో మొదలై, ఇంకా నిలదొక్కుకోకముందే రెండో వేవ్‌లో చిక్కుకుంది. ఆ పిల్లల కష్టం మీకన్నా ఎక్కువ. వాళ్లలో కొందరు ఇప్పుడు మీ దగ్గరే హౌస్ సర్జన్లుగా ఉండొచ్చు. ‘మీ బ్యాచ్ ఏదీ?’ అని అడిగి నవ్వొద్దు.

రాస్ కథలో నాకు ఇంకా ఇష్టమైన భాగం ఒకటుంది. మాన్సన్‌కు ఒక గట్టి అభిప్రాయం ఉండేది. దోమ నీళ్లలో చనిపోతుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు మలేరియా వస్తుందనీ అనుకున్నాడు. గురువు మాట కాబట్టి రాస్ ఆ దారిన చాలాకాలం తిరిగాడు. పైగా ఆయన కోస్తూ వచ్చిన దోమలన్నీ వేరే జాతులవి, వాటిలో మనిషి మలేరియా పెరగదు. లండన్‌లో కూర్చున్నాయనకు ఇది తెలిసే వీలు లేదు. చేత్తో దోమను కోస్తున్నాయనకే తెలియాలి. 1897 ఆగస్టు ఎండలో, రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా వద్దన్నాడు. నుదుటి చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క కటకం పగిలి ఉందని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ పగిలిన అద్దంలోంచే కనిపించింది. 1902లో నోబెల్ వచ్చింది.

గురువు దూరంగా ఉండొచ్చు బిడ్డా. శిష్యుడి చెయ్యి మాత్రం రోగికీ, దేహానికీ, స్లైడుకూ దూరంగా ఉండకూడదు. గురువు పొరపడినా ఆ చెయ్యి కాపాడుతుంది. నీకు నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే. తక్కినదంతా దాని వివరమే.

లాక్‌డౌన్‌లో మా డిపార్ట్‌మెంట్‌లో ఏం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు. మీరు సగం కోసి వదిలిన దేహాలు టేబుళ్ల మీదే ఉన్నాయి. బట్ట తడారితే కండరం ఎండి, అట్టలా అయిపోతుంది, ఇక కత్తికి లొంగదు. మా హాల్ అటెండర్ రోజు విడిచి రోజు పాసు చూపించి, పోలీసులను ఒప్పించి, సైకిల్ మీద వచ్చేవాడు. తాళం తీసి, ఒక్కో టేబుల్ దగ్గరా గుడ్డ విప్పి, ఫార్మలిన్, గ్లిజరిన్ కలిపిన నీళ్లతో తడిపి, మళ్లీ వేళ్ల దాకా చుట్టి, మీద ప్లాస్టిక్ షీట్ కప్పేవాడు. కళ్లు మండి నీళ్లు కారేవి. ‘పిల్లలొస్తరు గద సార్, ఒచ్చేసరికి పాడైపోతే ఎట్ల?’ అనేవాడు. మీరు డిసెంబరులో తిరిగి వచ్చినప్పుడు కత్తి దిగిందంటే ఆయన చలవ. మీ బ్యాచ్‌కు చదువు చెప్పినవాళ్లలో ఆయన పేరు నేను ముందు చెప్తాను.

నేను అంబర్‌పేట ఫ్లాట్‌లో, వెనక గదిలో, ల్యాప్‌టాప్ కింద గ్రేస్ అనాటమీ పుస్తకం ఎత్తు పెట్టి క్లాసు తీసుకునేవాణ్ణి. మొదటి వారం అందరూ చేసిందే చేశాం: స్లైడ్లు పెట్టడం, చదవడం. తెర మీద నల్లటి చదరాలు, వాటి కింద పేర్లు. ఎవరు వింటున్నారో, ఎవరు నిద్రపోతున్నారో తెలియదు. అప్పుడు నాకు తోచింది ఒకటే: వాళ్ల ముందు కెడావర్ లేకపోవచ్చు, వాళ్ల దేహం వాళ్ల దగ్గరే ఉంది కదా. తర్వాతి క్లాసులో స్లైడ్లు తీసేశాను. ‘గొంతు కింద గుంటలో వేలు పెట్టండి. అక్కడి నుంచి ఎముక మీద నిదానంగా కిందికి జరపండి. రెండంగుళాలు రాగానే అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. ఆగండి’ అన్నాను. ‘అదే స్టెర్నల్ యాంగిల్. వేలు పక్కకు జరిపితే రెండో పక్కటెముక. అక్కడి నుంచి లెక్క పెట్టుకుంటూ ఎడమవైపు దిగండి. ఐదో సందులో, కాలర్ ఎముక మధ్య నుంచి దిగే గీతకు కాస్త లోపల, మీ గుండె కొట్టుకుంటున్నది దొరుకుతుంది.’ ఒక నిమిషం నిశ్శబ్దం. తర్వాత ఒకటొకటిగా మైకులు తెరుచుకున్నాయి. ‘దొరికింది సార్’, ‘నాకు దొరకలేదు సార్’, ‘ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే తెలుస్తుంది సార్’. ఆ మూడో పిల్ల ఎవరో గానీ, క్లినికల్ మెథడ్స్ పుస్తకంలో ఉన్న సంగతిని పుస్తకం చూడకుండా కనిపెట్టింది. నువ్వు ఇప్పుడు వార్డులో అపెక్స్ బీట్ కోసం రోగిని ఎడమవైపు తిప్పించడం దాని కొనసాగింపే.

ఇంకో అమ్మాయి సంగతి చెప్తాను. ఎప్పుడు పేరు పిలిచినా మైకు తెరిచేది కాదు, చాట్‌లో ‘యెస్ సార్’ అని రాసేది. ఒకరోజు కొంచెం గట్టిగా అడిగితే మైకు తెరిచింది. వెనక టక్, టక్ అని ఆగకుండా చప్పుడు. ‘ఇల్లంతా ఒకటే గది సార్, నాన్న మగ్గం ఆపితే పని సాగదు’ అంది. ఆ రోజు మా పాఠం భుజం కండరాలు. ‘అమ్మా, మీ నాన్నగారు ఒప్పుకుంటే ఫోన్ అటు తిప్పు’ అన్నాను. ఆయన బనీను మీద మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. కాళ్ల కింద తొక్కుడు కర్రలు, కుడి చేతిలో నాడెను విసిరే తాడు, ఎడమ చేతిలో పలక. ‘మీ నాన్న తాడు లాగేటప్పుడు చంక వెనక మడత మీద చెయ్యి పెట్టి చెప్పు.’ ‘గట్టిపడుతోంది సార్.’ ‘అదే లాటిసిమస్ డార్సై. ఇప్పుడు పలకను ముందుకు తోసేటప్పుడు చంక కింద పక్కటెముకల మీద చూడు.’ ‘వేళ్లలా లేస్తున్నాయి సార్.’ ‘అది సెర్రేటస్ యాంటీరియర్. దానికి నరం తెగితే భుజం రెక్క వెనక్కి పొడుచుకొస్తుంది, మీ నాన్న మగ్గం మానేయాల్సి వస్తుంది.’ నల్ల చదరాలన్నీ వెలిగాయి. చూడ్డానికి అందరూ కెమెరాలు తెరిచారు. ఆ లాంగ్ థొరాసిక్ నరం ఆ పిల్ల జన్మలో మర్చిపోదు.

ఆ రోజు నుంచి కెమెరా తెరవమని నేనెవరినీ బలవంతపెట్టలేదు. ఇంటి గోడలు చూపించుకోవడానికి ఇబ్బందిపడే పిల్లలు మన కాలేజీల్లో చాలామంది. నువ్వూ ఎప్పుడైనా ఆన్‌లైన్ క్లాసు తీసుకోవాల్సి వస్తే ముఖం చూపించమని అడగొద్దు. చేత్తో ఏదో ఒకటి చేయించి, ఏం తెలిసిందో చెప్పమను.

తార్నాకలో ఉండే నా స్నేహితుడొకాయన కమ్యూనిటీ మెడిసిన్ చెప్పేవాడు. ఉదయం ఇద్దరం ఎన్‌సీసీ గేటు నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచేవాళ్లం. లాక్‌డౌన్‌లో నడక ఆగిపోయి, మాటలు ఫోన్ల మీదికి మారాయి. 2020 ఆగస్టులో ఆయన ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగుశుద్ధి కేంద్రాల నీళ్లలో వైరస్ ఆర్ఎన్ఏ ఎంతుందో లెక్కగట్టి, ఊళ్లో సుమారు 6.6 లక్షల మందికి, అంటే జనాభాలో 6 శాతానికి సోకి ఉండొచ్చని చెప్పారు. సోకినవాళ్లు మలంలోనూ వైరస్‌ను విడుస్తారు కాబట్టి మనిషి మనిషినీ పరీక్షించకుండానే ఊరి లెక్క దొరికింది. నా స్నేహితుడు ఆ వార్తను స్లైడుగా పెట్టలేదు. ‘మీ ఇంటి మోరీ నీళ్లు ఎక్కడికి పోతాయో కనుక్కుని రేపు చెప్పండి’ అన్నాడు. అంబర్‌పేట పిల్లాడు రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యమున్న మూసీ ఒడ్డు శుద్ధి కేంద్రం దాకా దారి గీసుకొచ్చాడు. పల్లెటూరి పిల్ల ఒకతి ‘మా మోరీ చేదబావి పక్కనుంచే పోతుంది సార్’ అని చెప్పి, తనే కంగారుపడి, ఇంట్లో నీళ్లు కాచి తాగించడం మొదలుపెట్టింది. పాఠమంటే ఇది.

తెర మీద చెప్పడానికి వీలైనవి చాలా ఉన్నాయి, వాటిని తక్కువ చేయకు. బయోకెమిస్ట్రీలో క్రెబ్స్ సైకిల్ 250 మంది కూర్చునే హాల్లో వెనక బెంచీకి వినబడదు. రికార్డింగ్ అయితే ఆపి, వెనక్కి తిప్పి, నాలుగుసార్లు వినొచ్చు. ఈ విషయంలో నాకు సందేహం లేదు: అలాంటి పాఠాలకు మంచి రికార్డింగే మేలు, ఆ గంట వార్డుకు మిగిలితే ఇంకా మేలు.

హిస్టరీ తీసుకోవడం కూడా దూరం నుంచి నేర్పొచ్చు. 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఫోన్‌లో రోగితో మాట్లాడి వైద్యం చెప్పడానికి ఒక పద్ధతి ఏర్పడింది. అప్పుడు మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో ఒక మేడమ్ మీ సీనియర్లకు ఒక పని పెట్టింది: మీ తాతకో అమ్మమ్మకో ఫోన్ చేసి పావుగంట హిస్టరీ తీసుకోండి, మధ్యలో ఇంగ్లిష్ మాట రాకూడదు. పిల్లలు తెచ్చిన మాటలు ఆవిడ నాకు చదివి వినిపించింది. ‘మెట్లెక్కితే దమ్మొస్తది.’ ‘పండుకుంటే ఊపిరాడదు, లేసి కూసుంటే నయమనిపిస్తది.’ ‘పొద్దుగూకేసరికి చెప్పులు కాళ్లకు పట్టవు.’ ఈ మూడు వాక్యాల్లో గుండె వైఫల్యం మొత్తం ఉంది. యాప్‌లో డిస్నియా, ఆర్థాప్నియా, పెడల్ ఎడిమా అని బట్టీపట్టిన పిల్లాడు వార్డులో అవ్వ ‘చెప్పులు పట్టవు’ అంటే చెప్పుల గురించి అనుకుని దాటిపోతాడు. నీ జూనియర్లకు మొదటి వారం ఇదే పని పెట్టు. ఫోన్‌లోనే చేయమను. గొంతు తప్ప ఇంకేమీ లేనప్పుడు మనిషి చెప్పేది శ్రద్ధగా వింటారు.

ఇక చెయ్యి వేయకుండా రానివి. ప్లీహం అంచు వేళ్లకు తగలడం, పొట్టలో నీరు అలలా తట్టడం, ఊపిరితిత్తి కింద నీరు చేరిన చోట పెర్కషన్ మోత రాయి మీద కొట్టినట్టు మారిపోవడం. వీటిని ఏ వీడియో నేర్పలేదు. మీ బ్యాచ్‌లో ఎవరికి ఏది దక్కలేదో మీకే తెలుసు. నువ్వు చిన్న నోటుబుక్కులో నీకు గట్టిగా రానివి రాసుకో. ఎవరికీ చూపించనక్కర్లేదు. వార్డులో ఆ ఫైండింగ్ ఉన్న రోగి వచ్చినప్పుడు నీ డ్యూటీ అయిపోయినా ఇంకో పావుగంట ఆగు. ఫండస్ చూడటం రాకపోతే సాయంత్రం ఆప్తాల్మాలజీ రెసిడెంట్ దగ్గరికి వెళ్లి అడుగు. పీజీ వచ్చాక అడగడానికి మొహమాటపడి, కన్సల్టెంట్ అయ్యేదాకా రాకుండానే నెట్టుకొచ్చేవాళ్లున్నారు. వాళ్లకు కరోనా ఏమీ అడ్డు రాలేదు.

నీకు ఇంకో విషయం చెప్పాలి. నువ్వు భయపడుతున్నది ఆన్‌లైన్ రోజుల గురించి. నా భయం ఇప్పటి రోజుల గురించి. కరోనా పోయినా తెర పోలేదు. కాలేజీ తెరిచే ఉంది, వార్డు నిండా రోగులు, మంచం పక్కన పదిహేను మంది పిల్లలు. వాళ్లలో ముందు వరుస ముగ్గురు చూస్తారు, వెనక పన్నెండు మంది ఫోన్లలో ఉంటారు. పీజీ ఎంట్రన్స్ కోసం యాప్‌లో ఎంసీక్యూలు చేసుకుంటూ అటెండెన్స్ కోసం నిలబడి ఉంటారు. మగ్గం దగ్గర నాన్న భుజం మీద చెయ్యేసిన ఆ పిల్ల వంద మైళ్ల దూరంలో ఉండి పాఠానికి దగ్గరగా ఉంది. వీళ్లు రెండడుగుల దూరంలో ఉండి పాఠంలో లేరు. అందుకే క్లినిక్‌లో నీ కళ్లు వాళ్ల ముఖాల మీద కాదు, చేతుల మీద ఉండాలి. ఎవరి చెయ్యి రోగి మీద పడిందో, ఎవరిది జేబులో ఉందో చూసుకో.

పదిహేను మందిని ఒక మంచం దగ్గర నిలబెట్టకు. ఐదుగురి చొప్పున మూడు మంచాలకు పంపు, నువ్వు తిరుగు. ఫైండింగ్ నువ్వు ముందు చెప్పొద్దు. ‘లివర్ మూడు వేళ్లు పెరిగింది, చూడండి’ అంటే అందరికీ మూడు వేళ్లే తగులుతుంది. ‘కుడివైపు పక్కటెముకల కింద ఏముందో చూసి ఎవరిది వాళ్లు కాగితం మీద రాయండి’ అను. ‘తగల్లేదు’ అని రాసినవాడిని కోప్పడకు. వాడు నిజం రాశాడు. వాడి చెయ్యి పట్టుకుని, రోగిని ఊపిరి పీల్చమని చెప్పి, అంచు వేలి కిందికి వచ్చేదాకా ఆగు. ఒక్కసారి తగిలితే చాలు.

ఈ పాఠం కోసం రోగి నలిగిపోకూడదు. ఒకే మనిషి పొట్టను ఇరవై మంది నొక్కితే అది హింస. ముందు నువ్వే వెళ్లి, స్టూలు మీద కూర్చుని, ‘అమ్మా, ఈ పిల్లలు డాక్టరు చదువుతున్నారు, మీరు ఒప్పుకుంటే చూస్తారు, వద్దంటే వద్దు, మీ వైద్యానికి ఏ లోటూ రాదు’ అని చెప్పు. ఆ ‘వద్దంటే వద్దు’ జూనియర్లు విని తీరాలి. తెర అడ్డం లాగించు. చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుని వెచ్చబరుచుకోమను. పరీక్షించాక కొంగు సర్ది, దుప్పటి కప్పి రావాలని చెప్పు. పీపీఈ కిట్ల కాలంలో రోగులు వారాల తరబడి ఒక్క మనిషి ముఖం చూడకుండా, కళ్లద్దాలనూ గ్లవ్‌లనూ చూస్తూ పడుకున్నారు. ఆ వార్డుల్లో పనిచేసినవాళ్లకు నీ జూనియర్లకన్నా నువ్వే ఎక్కువ దగ్గర, అప్పటి కథలు నీ సీనియర్లు చెప్పగా విన్నావు. వాటిని వీళ్లకు చెప్పు.

మీ దవాఖానలో విదేశాల్లో చదివి వచ్చిన ఇంటర్న్‌లు కూడా ఉంటారు. చైనాలో చేరిన మన పిల్లలు 2020 మొదట్లో ఇంటికొచ్చి, సరిహద్దులు తెరవక, రెండేళ్లకు పైగా ఇక్కడి నుంచే చదివారు. ఉక్రెయిన్‌లో ఉన్నవాళ్లను 2022 ఫిబ్రవరిలో యుద్ధం తరిమింది. ఆఖరి ఏడాదిలో ఉండగా తిరిగొచ్చి, ఆ జూన్ 30 లోపు డిగ్రీ పూర్తిచేసినవాళ్లను ఎఫ్ఎంజీఈ పరీక్ష రాయనిచ్చి, పాసైతే ఏడాదికి బదులు రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చేయాలని నేషనల్ మెడికల్ కమిషన్ నియమం పెట్టింది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. పోగొట్టుకున్నది చేతిపని కాబట్టి, దాన్ని చేతిపనితోనే పూడ్చమన్నారు. ఆ పిల్లల తల్లిదండ్రులు పొలాలు అమ్మి చదివించారు. వాళ్లను రక్తం శాంపిళ్లు మోయడానికి, కేస్‌షీట్లు రాయడానికే వాడుకోవడం చాలాచోట్ల ఉంది. నీ యూనిట్‌లో అలా జరగనివ్వకు. లంబార్ పంక్చర్ ఉన్నప్పుడు పిలువు, మొదట పక్కన నిలబెట్టుకో, తర్వాత వాళ్ల చేత చేయించు. ఏడాది ఎక్కువ ఇచ్చింది అందుకే.

‘ఆన్‌లైన్ బ్యాచ్’ అని ఎవరైనా అంటే నువ్వు తగువుకు పోవద్దు. నువ్వు చేసిన కేస్ ప్రెజెంటేషన్ చూసి వాళ్లే మాట మార్చుకుంటారు. నీ నోటి నుంచి మాత్రం ఆ మాట మళ్లీ రాకూడదు. దూరం నుంచి నేర్చుకోవడమంటే ఏమిటో, అందులో ఏది దక్కుతుందో ఏది దక్కదో, స్వయంగా పడి తెలుసుకున్నవాళ్లు మీరు. నాకన్నా ఈ విషయంలో మీకే ఎక్కువ తెలుసు. నీ జూనియర్లకు అలాంటి టీచర్ దొరకడం వాళ్ల అదృష్టం.

క్లినిక్‌లు మొదలైన రెండు వారాలకు, ఆదివారం చూసుకుని, ఓ నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటికి రా. ఫ్లైఓవర్ ఎక్కకండి, అలీ కేఫ్ చౌరస్తా దగ్గర దిగితే నడిచి రావొచ్చు. నా గుండెలో కవాటం గట్టిపడి ఏడాదిగా మర్మర్ వినిపిస్తోందని కార్డియాలజిస్టు చెప్పాడు, కంగారేమీ లేదు. ఎడమ కాలి మీద డార్సాలిస్ పెడిస్ నాడి ఒక పట్టాన దొరకదు. మీ పెద్దమ్మ మోకాళ్లు కదిపితే గరగరమంటాయి. ముందుగా ఏమీ చెప్పకుండా వాళ్ల చేతే వెతికించు. పెద్దమ్మ పొద్దున్నే సర్వపిండి చేస్తానంది, తిన్నాక పని మొదలుపెడదాం.

మీ పెద్దనాన్న